"వేడి చేసిందిలే" అని వదిలేయకండి

పోయిన ఎండాకాలం ఒక అక్క ఫోన్ చేసింది. కడప వైపు నుంచి కువైట్ వచ్చి ఇంటిపని చేస్తోంది. నాలుగు రోజులుగా మూత్రంలో మంట. మాటిమాటికీ వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలే. "వేడి చేసిందిలే అన్నా, సబ్జా నీళ్లు తాగుతున్నా" అంది. ఐదో రోజుకు చలిజ్వరం, నడుము పక్కన పోటు. ఆసుపత్రికి వెళ్లేసరికి ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకింది.

ఎందుకిలా అని అడిగితే అసలు సంగతి చెప్పింది. పనివాళ్ల బాత్రూం మేడ మీద ఉంది. పని మధ్యలో వెళ్తే మదామ్ కసురుతుంది. అందుకని నీళ్లు తాగడమే తగ్గించేసింది.

మన జబ్బుకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. సూక్ష్మక్రిములు తేలిగ్గా మూత్రాశయానికి చేరతాయి. నీళ్లు తాగి, ఎప్పటికప్పుడు మూత్రం పోస్తుంటే అవి కొట్టుకుపోతాయి. బిగబడితే లోపలే పెరుగుతాయి.

మగవాళ్ల మూత్రనాళం పొడుగు, సుమారు 20 సెంటీమీటర్లు. అందుకని ఇన్ఫెక్షన్ తక్కువ. కానీ సైట్‌లో ఒంట్లో నీరంతా చెమటగా పోతే మూత్రం చిక్కబడి రాళ్లు కడతాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కాలు జారి, కాళ్లు చెరోపక్కన పడేలా పైపు మీద పడితే మూత్రనాళం చిట్లవచ్చు. రక్తం చుక్క కనిపించినా, మూత్రం రాకపోయినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. అప్పటికి తగ్గినా, తర్వాత నాళం ఇరుకై ధార సన్నబడవచ్చు. అలాగే చీము కారుతుంటే సిగ్గుపడకండి. అది మందులతో నయమయ్యేదే, జంటలో ఇద్దరూ చూపించుకోవాలి.

మూత్రం లేత పసుపు రంగులో ఉండేలా నీళ్లు తాగండి. ముదురు రంగైతే నీళ్లు చాలడం లేదని అర్థం. మంటతో పాటు జ్వరం, వణుకు, వాంతులు, నడుము పోటు, రక్తం ఉంటే ఆగవద్దు. గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్లు మంట మొదలవగానే చూపించుకోవాలి. రూమ్మేట్ దగ్గర మిగిలిన యాంటీబయాటిక్ మింగకండి. డాక్టర్ రాసిన కోర్సు మాత్రం పూర్తిచేయండి. భాష రాకపోతే "హర్కాన్ బోల్" అనండి, మూత్రంలో మంట అని వాళ్లకు అర్థమవుతుంది.

ఇక హక్కుల మాట. కువైట్‌లో ఇంటిపనివారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. దాని ప్రకారం పని రోజుకు 12 గంటలు మించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి, వారానికి ఒక సెలవు ఉండాలి. వైద్యం ఖర్చు యజమానిదే. సైట్ పనివాళ్లకైతే జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని నిషేధం. పనిలో దెబ్బ తగిలితే 2010 నాటి కార్మిక చట్టం కింద చికిత్స యజమానే చేయించాలి. అందుకే పడిన రోజే ఫోర్‌మన్‌కు చెప్పి రాయించండి, ఆసుపత్రి కాగితాలు దాచుకోండి. వైద్యం చేయించకపోతే మన రాయబార కార్యాలయంలోని లేబర్ విభాగానికి చెప్పండి.

ఆ అక్క కోలుకుంది. ఇప్పుడు నీళ్ల సీసా పక్కనే పెట్టుకుని పని చేస్తోంది. మదామ్‌తో డాక్టర్ చీటీ చూపించి మాట్లాడాం. కింద బాత్రూం వాడుకోనిస్తోంది. అడిగితేనే ఆ తలుపు తెరుచుకుంది. మీరూ అడగండి. ఒంటరిగా అడగడం భయమైతే మాకు చెప్పండి, తోడుగా వస్తాం.