ఒక్క మైన్‌కు ఎన్ని దారులో!

ఇంగ్లిషులో ‘మైన్’ అంటే నాది. గని అన్నా మైనే. మందుపాతర అన్నా మైనే. అక్షరాల్లో, పలుకులో తేడా లేదు గానీ పుట్టుకలో ఉంది. ‘నాది’ అనే మైన్ ఇంగ్లిషువాళ్ల సొంత సొత్తు. గని అనే మైన్ ఫ్రెంచి నుంచి వచ్చి చేరింది. సింగరేణి బొగ్గు కంపెనీలో మాత్రం ఏ మైన్‌ను పట్టుకొనీ ఒక్కరు ‘మైన్’ అనలేరు. వాటా రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం!

గనికీ మందుపాతరకూ చుట్టరికం ఎక్కడ కలిసిందంటే, కోట గోడ కింద. పూర్వం కోటను ముట్టడించే సైన్యాలు గోడ పునాది కిందికి సొరంగం తవ్వి, కర్రల ఊతం పెట్టి, ఆ కర్రలకు నిప్పంటించేవి. ఊతం కాలిపోతే గోడ కూలేది. ఆ సొరంగం పేరు మైన్. తర్వాతి కాలంలో కర్రల బదులు తుపాకిమందు కూరారు. ఇంకొన్నాళ్లకు సొరంగమే అక్కర్లేకపోయింది, మందు ఒక్కటి పాతితే చాలు. పేరు మాత్రం మిగిలిపోయింది. ‘అండర్‌మైన్’ అనే మాటా ఆ సొరంగంలోంచి వచ్చిందే. మనం గోతులు తీయడం అంటామే, అదే.

దీనికి మన గడ్డ మీదే ఉదాహరణ ఉంది. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను ముట్టడించి, గోడ కిందికి సొరంగాలు తవ్వి మందు కూరింది. లోపలివాళ్లు పసిగట్టారు. ఎదురు సొరంగాలు తవ్వి, మందు తోడేసి, నీళ్లు పోశారు. మిగిలిన మందుకు మొగలులు నిప్పు పెడితే పేలుడు వెనక్కి తన్ని వాళ్ల సైనికులే పోయారు. ఎనిమిది నెలల ముట్టడిలో ఏ మైనూ గోల్కొండను పడగొట్టలేదు. చివరికి లంచం తిన్న మనిషి ఒకడు తలుపు తీశాడు.

మన ‘మందుపాతర’ ఇంకా ముచ్చటైన మాట. పాతర అంటే ధాన్యం దాచే గొయ్యి. తినే గింజల చోట పేలే మందు పెట్టి మాట కట్టారు. ఇక ‘మందు’ సంగతి చెప్పాలా? జ్వరానికి వేసుకునేదీ, చేనుకు చల్లేదీ, సాయంత్రం తాగేదీ, గనిలో రంధ్రం వేసి కూరేదీ అన్నీ అదే. ఒక మాటకు ఇన్ని అర్థాలేమిటని ఇంగ్లిషును వేళాకోళం చేసే హక్కు మనకు లేదు.

గనిలో ఆ మందును దాచే గట్టి కట్టడాన్ని ‘మ్యాగజైన్’ అంటారు. మీరు చదివే పత్రిక కూడా మ్యాగజైనే. రెండింటికీ మూలం గిడ్డంగులు అనే అరబ్బీ మాట. 1731లో లండన్‌లో ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’ మొదలుపెట్టినవాళ్లు తమ పత్రికను రకరకాల రాతల గిడ్డంగిగా ఊహించుకుని ఆ పేరు పెట్టారు. సింగరేణి బెల్టులో మ్యాగజైన్ దగ్గర అగ్గిపెట్టె తీయకండి, చదివేది కాదు అది.

మైన్‌కు ఇంగ్లిషు నిఘంటువుల్లో ఉన్న పర్యాయపదాల్లో ఒకటి మనదే. ‘గోల్కొండ’ అని చిన్న అక్షరాలతో రాస్తే తరగని సంపదనిచ్చే గని అని అర్థం. నిజానికి గోల్కొండలో వజ్రాల గని లేదు, అది అమ్మకాల ఊరు. తవ్వింది కృష్ణ ఒడ్డున, కొల్లూరు వంటి చోట్ల. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, ఆ చోటును స్థానికులు ‘గని’ అంటారని రాసుకున్నాడు. ఊరి పేరు అనుకున్నాడు పాపం. అక్కడ 60 వేల మంది పనిచేస్తున్నారనీ రాశాడు. ఇప్పుడా చోటు పులిచింతల జలాశయం కింద ఉంది.

ఇంగ్లిషు ఒక మాటకు నాలుగు పనులు అప్పజెబితే, మన బొగ్గు బెల్టు ఒక గనికి నాలుగు మాటలు పుట్టించింది. కాగితం మీద గని. ఊళ్ల పేర్లలో ఖని: గోదావరిఖని, బెల్లంపల్లిలో శాంతిఖని, రైల్వే స్టేషనుకు సైతం రవీంద్రఖని. శ్రీరాంపూర్‌లో ‘ఆర్కే 7’ అంటే అందులో ఆర్కే ఎవరో నాయకుడు కాదు, ఆ రవీంద్రఖనే. మందమర్రి ‘కేకే’ కల్యాణిఖని. గనిలోకి మార్గం ఏటవాలుగా దిగితే ఇంక్లైన్, నిలువుగా దిగితే షాఫ్ట్. ఇంగ్లిషులో ఇంక్లైన్ అంటే మొగ్గు చూపడం కూడా. గోదావరిఖని దగ్గర ఎనిమిదో నంబరు ఇంక్లైన్ పేరు మీద కాలనీ వెలిసి, నోళ్లలో నలిగి, ఇప్పుడు పేపర్లో సైతం ‘యైటింక్లైన్ కాలనీ’ అని అచ్చవుతోంది. కొత్తవాళ్లు అదేదో రాజస్థానీ పేరనుకుంటే వాళ్ల తప్పు లేదు.

ఇవన్నీ ఒకెత్తు, కార్మికుడి నోట్లో మాట ఒకెత్తు. అది ‘బాయి’. బొగ్గుబాయి, బాయి పని, బాయిల నౌకరి. తెలంగాణ పల్లెలో ‘బాయికాడికి పోయిండు’ అంటే పొలానికి వెళ్లాడని. బొగ్గు బెల్టులో ‘బాయి దిగిండు’ అంటే డ్యూటీ ఎక్కాడని. సేద్యం బావిని వదిలి వచ్చినవాడు కొత్త బతుకుకూ పాత పేరే పెట్టుకున్నాడు. దిగినా ఎక్కినా అర్థం మారని ఈ తెలుగును అనువాదం చేయమంటే ఎవరైనా చేతులెత్తేస్తారు. బెల్లంపల్లి ఏరియా జీఎం ఆఫీసు ఉన్న గోలేటిలో 1, 1ఎ ఇంక్లైన్లు ఉన్న రోజుల్లో బాయి దిగడం అంటే నిజంగా దిగడమే. పక్కన కైరిగూడలో ఉన్నది ఓపెన్‌కాస్ట్, అంటే ఆకాశం కనబడే బాయి. దాన్ని ముద్దుగా ‘ఓసీ’ అంటారు.

సింగరేణి అన్న పేరూ అంతే. అది ఖమ్మం జిల్లాలో ఒక ఊరు. 1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టాడు, 1920 డిసెంబర్ 23న కంపెనీ సింగరేణి ఊరి పేరుతో ఏర్పడింది. ఆ ఊరిని చూడని లక్షల మందికి సింగరేణి అంటే కొలువు.

గనిలో పనిచేసేవాడు మైనర్. ఈడు రానివాడూ మైనర్. ఇంగ్లిషులో ఒక అక్షరం తేడా ఉంది, తెలుగు లిపిలో అదీ లేదు. చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లను గని పనిలోకి తీసుకోకూడదు గనుక, మైనర్ ఎన్నటికీ మైనర్ కాలేడు. మన ‘మైనరుబాబు’ ఈ రెండు లెక్కల్లోనూ రాడు. ఆస్ట్రేలియాలో ‘నాయిసీ మైనర్’ అనే పిట్ట ఉంది, తవ్వకంతో దానికి సంబంధం లేదు, మన మైనా పేరే అక్కడ స్పెల్లింగు తప్పింది. ‘లీఫ్ మైనర్’ మాత్రం నిఖార్సైన గని కార్మికుడు. టమాటా ఆకు పొరల మధ్య సొరంగం చేసుకుంటూ తెల్లటి మెలికల గీత వదిలి పోయే పురుగు అది. ఫ్రెంచివాళ్లకు పెన్సిల్ ములుకు కూడా మైన్!

గనికి ఇంగ్లిషులో ఉన్న ఇంకో పేరు ‘పిట్’ కథ వేరే. విమానం నడిపేవాడు కూర్చునే కాక్‌పిట్, అసలు కోడిపందేల బరి. భీమవరం వాళ్లకు ఈ సంగతి తెలిస్తే సంక్రాంతికి ఇంకాస్త హోదా వస్తుంది. పండులో టెంకను సైతం అమెరికన్లు పిట్ అంటారు, ఆ మాట డచ్చిది. సింగరేణిలో గని స్థాయి యూనియన్ నాయకుడు పిట్ కార్యదర్శి. కానీ మన పేపర్లలో తరచూ ‘ఫిట్ కార్యదర్శి’ అని పడుతుంది. ఆ ఫిట్ కార్యదర్శి చేతుల్లో ఎక్కువగా ఉండే దరఖాస్తులు మెడికల్ అన్‌ఫిట్‌వి.