చీటీలో మందు సరే, కారణమేదీ?

తెల్లవారకముందే తొలి బస్సెక్కి ఆస్పత్రికి వస్తారు. ఓ.పి. వరుసలో గంటలకొద్దీ నిలబడతారు. తీరా డాక్టరుగారు చూసి ‘జలుబే, నాలుగు రోజుల్లో తగ్గుతుంది’ అంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. ఇంత దూరం వస్తే సూదైనా వేయలేదని నిష్ఠూరమాడతారు. వరుస పెరిగిపోతుంటే డాక్టరుకు నచ్చచెప్పే తీరిక ఉండదు. చీటీ మీద ఒక యాంటీబయాటిక్ రాసేస్తే ఇద్దరికీ పని తేలిపోతుంది. పల్లెల్లోనూ, పట్నాల్లోనూ ఇది పరిపాటి అయింది.

కాని జలుబు, ఫ్లూ వైరస్ వల్ల వస్తాయి. గొంతునొప్పి కూడా చాలామట్టుకు అంతే. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. అది చంపేది బాక్టీరియాను. అనవసరంగా మింగితే మందుకు లొంగే క్రిములు చచ్చి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. ఒకే మందు పదేపదే కొడితే పురుగు చావకుండా పోవడం పత్తి రైతుకు తెలిసిందే. ఇదీ అంతే. రేపు కాన్పు కుట్లకు చీము పట్టిననాడు మందు పనిచేయకపోవచ్చు. పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే ఈ ప్రమాదాన్ని హెచ్చరించారు.

అలాగని యాంటీబయాటిక్ అసలే వద్దని కాదు. దగ్గుతో ఉన్న పసివాడు నిమిషానికి 50 సార్లు, ఏడాది దాటి ఐదేళ్లలోపు బిడ్డ 40 సార్లు, లేదా అంతకుమించి ఊపిరి తీస్తుంటే న్యుమోనియాగా అనుమానించాలి. వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. అక్కడ అమాక్సిసిలిన్ వంటి మందే ప్రాణం నిలుపుతుంది.

అందుకే 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ వైద్యులకు లేఖ రాశారు. యాంటీబయాటిక్ రాస్తే, ఎందుకు రాశారో ఆ కారణం కూడా చీటీ మీద తప్పక రాయాలని కోరారు. చీటీ లేనిదే అమ్మవద్దని మందుల షాపులకూ చెప్పారు. 2014 నుంచి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్-1 నిబంధన ప్రకారం, ఆ జాబితాలోని మందులు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి.

చిన్న మాటగా కనిపించినా దీనివల్ల మేలు ఉంది. కారణం రాయాలంటే కలం ఒక్క క్షణం ఆగుతుంది. ‘జలుబు’ అని రాసి, దాని పక్కనే యాంటీబయాటిక్ రాయడానికి చెయ్యి రాదు.

మన వంతు కూడా ఉంది. సూది కోసం పట్టుబట్టకూడదు. అట్ట మీద ఎర్ర గీత ఉన్న మందును చీటీ లేకుండా కొనకూడదు. మిగిలిన బిళ్లలు దాచి ఇరుగుపొరుగుకు పంచకూడదు. చీటీ చేతికి రాగానే ‘డాక్టరుగారూ, ఇది ఏ జబ్బుకండీ?’ అని మర్యాదగా అడగాలి. మింగేది మనం గనుక, అడిగే హక్కూ మనదే.