పిండాభివృద్ధిలో కాలభేదం

చాలా క్షీరదాలలో పిండం రూపొందే క్రమం దాదాపు ఒక్కటే. ఫలదీకరణం చెందిన కణం రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విభజన చెందుతుంది. ఆ కణసముదాయం గర్భాశయపు గోడకు అంటుకుంటుంది. పిమ్మట మెదడు, గుండె, కాళ్లుచేతులు ఏర్పడతాయి. భేదమంతా ఒక్కొక్క దశకు పట్టే కాలంలోనే ఉంది.

గర్భకాలం చుంచెలుకకు 19, 20 రోజులు, కుందేలుకు సుమారు 31 రోజులు, ఆవుకు సుమారు 280 రోజులు, ఏనుగుకు దాదాపు 22 నెలలు. మానవశిశువు ఫలదీకరణం జరిగిన సుమారు 266 రోజులకు జన్మిస్తుంది. గర్భకాలం ఎంత పెరిగితే ప్రతి దశా అంత సాగుతుందని ఈ అంకెలు చూచినవారికి తోచవచ్చు. వాస్తవం అది కాదు.

మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాడీనాళాన్ని ఉదాహరణగా తీసుకుందాం. చుంచెలుక పిండంలో అది సుమారు 10వ రోజుకు మూసుకుంటుంది. అప్పటికి గర్భకాలంలో సగం గడచిపోతుంది. మానవపిండంలో అది 28వ రోజు ప్రాంతంలో మూసుకుంటుంది. అప్పటికి గడిచేది పదోవంతు మాత్రమే. 8 వారాల మానవపిండం చేరుకునే స్థితిని చుంచెలుక సుమారు 16వ రోజున చేరుకుని, మరి మూడు నాలుగు రోజులకే పుడుతుంది. కనుకనే దాని పిల్లలు కళ్లు తెరవకుండా, వెంట్రుకలు లేకుండా పుడతాయి. మానవశిశువుకు అవయవాలు ఏర్పడిన తరువాత ఎదగడానికి మరి 30 వారాల వ్యవధి ఉంటుంది.

కొన్ని జంతువులలో పిండం మధ్యలో ఆగిపోతుంది కూడా. ఐరోపాలోని రో జింకలు జూలై, ఆగస్టు మాసాలలో జతకూడుతాయి. పిండం సుమారు ఐదు నెలలు దాదాపు నిశ్చలంగా ఉండి, శీతకాలంలో గర్భాశయానికి అంటుకుంటుంది. పిల్లలు మే, జూన్ మాసాలలో, మేత సమృద్ధిగా ఉన్నప్పుడు పుడతాయి. జర్మన్ శాస్త్రజ్ఞుడు బిషాఫ్ ఈ విషయాన్ని 1854లో వివరించాడు.

ఈ వేగభేదానికి కారణమేమిటి? వెన్నుపూసలకు మూలమైన ఖండాలు చుంచెలుకలో సుమారు రెండు గంటలకొకటి, మానవునిలో సుమారు ఐదు గంటలకొకటి ఏర్పడతాయి. 2020లో వెలువడిన ప్రయోగఫలితాల ప్రకారం, ఈ పనికి సంబంధించిన మానవజన్యువును చుంచెలుక కణంలో ఉంచినా అది చుంచెలుక వేగంతోనే పనిచేసింది. కాబట్టి వేగాన్ని నిర్ణయించేది ఆ జన్యువు ఒక్కటే కాదు. దాని చుట్టూ ఉన్న కణవ్యవస్థ. మానవకణాలలో మాంసకృత్తులు క్షీణించడం మొదలైన చర్యలు నెమ్మదిగా సాగుతాయి.

ఈ జ్ఞానం వైద్యానికి అత్యవసరం. జంతువులపై ఔషధాన్ని పరీక్షించేటప్పుడు రోజుకు రోజు సరిపోల్చితే ఫలితం తప్పుతుంది. దశకు దశను సరిపోల్చాలి. మానవపిండం తొలి 8 వారాలను శాస్త్రజ్ఞులు 23 దశలుగా విభజించింది ఇందుకే. 28వ రోజుకు తాను గర్భవతినన్న సంగతి చాలామంది స్త్రీలకు తెలియదు. నాడీనాళ లోపాలను నివారించే ఫోలిక్ ఆమ్లాన్ని గర్భధారణకు ముందునుంచే తీసుకోవాలని వైద్యులు చెప్పడంలోని ఆంతర్యం కూడా ఇదే.