వేళకు వచ్చు నివేదిక

ఉదయపు ప్రసారము వేళకు ప్రారంభము కాకపోయినచో రేడియోగల ఇంట ఆ సంగతి క్షణములో తెలిసిపోవును. ఎవరో ఒకరు లేచి మీట త్రిప్పి చూతురు. అదే వేళకు రావలసిన ఒక ఈ-మెయిలు రాకపోయినచో, అది రాలేదని చెప్పువారెవరు? ఈ భేదమును మనస్సునందుంచుకొని, నేడు కార్యాలయములలో మనిషి చేయి సోకకుండ తయారై పంపబడుచున్న నివేదికల సంగతి కొంత విచారింతము.

మేము పనిచేసిన ఒక వ్యాపార కార్యాలయమునకు ధాన్యపు గిడ్డంగులుండెడివి. పూర్వము గుమాస్తా రాత్రి చిట్టా విప్పి, వచ్చిన బస్తాలెన్ని, పోయినవెన్ని, నిలువ ఎంత అని కూడి, శుభ్రప్రతి వ్రాసి యజమానికి పంపెడివాడు. తరువాత ఈ పని కంప్యూటరునకు అప్పగింపబడినది.

ఇందు మొదటిది వేళ. యూనిక్స్ వర్గపు యంత్రములలో క్రాన్ అను చిన్న ప్రోగ్రాము ఎల్లప్పుడు మేలుకొనియుండి, నిమిషమునకొకమారు తన పట్టికను చూచుకొనును. పట్టికలోని ప్రతి పంక్తి మొదట ఐదు గుర్తులుండును: నిమిషము, గంట, తేదీ, నెల, వారము. "30 6 * * 1" అని వ్రాసినచో ప్రతి సోమవారము ఉదయము ఆరున్నర అని అర్థము. నక్షత్రపు గుర్తు "ఏదైనను సరే" అని చెప్పును.

వేళ కాగానే డేటాబేసునుండి అంకెలు తీయబడి, ముందే సిద్ధపరచిన వెబ్ పుటలోని ఖాళీలను నింపును. తెర లేకుండ పనిచేయు బ్రౌజరు ఆ పుటను మన కంటికి కనబడునట్లే గీసి పీడీఎఫ్ ప్రతిగా మార్చును. కడపటిది తపాలా. 1982లో ఏర్పడిన ఎస్.ఎం.టి.పి. నియమావళియే, కొన్ని సవరణలతో, నేటికిని ఈ-మెయిలును యంత్రమునుండి యంత్రమునకు చేర్చుచున్నది. అది మొదట ఇంగ్లీషు అక్షరముల సాదా జాబుల కొరకే పుట్టినది. కావున జతచేసిన ప్రతిలోని ప్రతి మూడు బైట్లను నాలుగు అక్షరములుగా మార్చి పంపుదురు. మూడు మెగాబైట్ల ప్రతి దారిలో నాలుగు మెగాబైట్లకు పైగా అగును. పెద్ద పటములు జతచేయువారు ఈ లెక్క మరువరాదు.

ఇక చిక్కులు. మొదటి దినమున ఆరు గంటల నివేదిక పదకొండున్నరకు వచ్చెను. యంత్రపు గడియారము ప్రపంచ ప్రామాణిక కాలమున నున్నది. మన కాలము దానికంటె ఐదున్నర గంటలు ముందు. ఇది నవ్వుకొని దిద్దుకొనదగిన తప్పు.

రెండవది అట్టిది కాదు. ఒక రాత్రి తంత్రులు తెగి గిడ్డంగులనుండి అంకెలు చేరలేదు. అయినను ఆరు గంటలకు నివేదిక చక్కగా వచ్చెను. అందున్నవి ముందునాటి అంకెలు. పైనున్న తేదీ మాత్రము ఆనాటిది. దానిని నమ్మి అమ్మకమునకు ఒప్పుకొన్న బస్తాలు గిడ్డంగిలో లేవు. రెండు లారీలు ఖాళీగా మరలిపోయినవి. యంత్రము తప్పు లెక్క కట్టలేదు. వేళ అయినదా అని చూచుటయే దానికి నేర్పితిమి. అంకెలు వచ్చినవా అని చూచుట నేర్పలేదు. తప్పు మాది.

అటుపిమ్మట నివేదిక తలమీద, అది తయారైన వేళతోపాటు, "ఈ అంకెలు ఫలానా రాత్రి పది గంటల వరకు" అను పంక్తి చేర్చితిమి. అంకెలు పాతవైనచో పట్టికకు బదులు "లెక్క అందలేదు" అను జాబే పోవునట్లు చేసితిమి. అయినను ఆ యంత్రమే ఆగిపోయినచో ఆ జాబును వ్రాయువారు లేరు. అందుచేత వేరొక చోట మరియొక యంత్రమును కాపు పెట్టితిమి. నివేదిక పోయిన ప్రతి ఉదయము దానికొక సంకేతము అందవలెను. ఆరుంబావు లోపల అందకపోయినచో అది మమ్ము లేపును.

మూడవ వారమున ఒక ఉదయము నివేదిక రాలేదు. డిస్కు నిండిపోయి యంత్రము నిలిచిపోయినది. ఆరుంబావుకు కాపరి జాబు మాత్రము వచ్చినది. గుమాస్తా చొక్కా తొడుగుకొని గిడ్డంగికి పోయి, పాత పద్ధతిని బస్తాలు లెక్కపెట్టి, లారీలు కదలకమునుపే ఫోను చేసెను.