జేబులో లినక్స్ ల్యాబ్!

ఫైనలియర్‌లో నాకు సొంత ల్యాప్‌టాప్ లేదు. హాస్టల్లో రూమ్మేట్‌ది వాడుకునేవాణ్ని. లినక్స్ నేర్చుకోవాలి, కానీ వాడి విండోస్ జోలికి వెళ్లకూడదు. అందుకే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొని, అందులో ఉబుంటు ఇన్‌స్టాల్ చేశా. బాగానే నడిచింది. రాత్రి డిస్క్ తీసేసి పడుకున్నా. పొద్దున్నే వాడికి ఆన్‌లైన్ టెస్ట్. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్లటి స్క్రీన్, దానిమీద ‘గ్రబ్’ అన్న ఒక్క మాట! ఇద్దరికీ చెమటలు పట్టాయి.

అదృష్టం కొద్దీ విండోస్ ఎక్కడికీ పోలేదు. బూట్ మెనూలో ‘విండోస్ బూట్ మేనేజర్’ని ఎంచుకుంటే మామూలుగానే వచ్చింది. మరి పొరపాటు ఎక్కడ జరిగింది? అది తెలిస్తే మీరు ఈ పని నిశ్చింతగా చేసుకోవచ్చు.

ఎందుకు నేర్చుకోవాలి?

క్లౌడ్, డెవాప్స్, సైబర్ సెక్యూరిటీ, బ్యాకెండ్... ఏ ఉద్యోగానికి వెళ్లినా లినక్స్ తగులుతుంది. ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నుంచి దానిమీదే నడుస్తున్నాయి. వర్చువల్ మెషీన్‌లో నేర్చుకోవచ్చు కదా అంటారా? ర్యామ్‌ను రెండు సిస్టమ్‌లు పంచుకోవాలి కాబట్టి 4 జీబీ ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్ నుంచి బూట్ చేస్తే ర్యామ్, ప్రాసెసర్ మొత్తం లినక్స్‌కే. మామూలు లైవ్ పెన్‌డ్రైవ్‌లో చేసిన పని షట్‌డౌన్ చేయగానే పోతుంది. ఇక్కడ అలా కాదు, అన్నీ సేవ్ అవుతాయి.

ఏ డిస్క్ తీసుకోవాలి?

ఉబుంటు డెస్క్‌టాప్‌కు కనీసం 25 జీబీ స్థలం కావాలి. 128 జీబీ ఎస్‌ఎస్‌డీ అయితే ధారాళంగా సరిపోతుంది. పాత హార్డ్‌డిస్క్ కూడా పనిచేస్తుంది కానీ నెమ్మది. యూఎస్‌బీ 2.0 పోర్టు గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లే, 3.0కైతే 5 గిగాబిట్లు. కాబట్టి పోర్టు చూసి పెట్టండి. చాలా ల్యాప్‌టాప్‌లలో 3.0 పోర్టు లోపల నీలంగా ఉంటుంది.

అసలు మెలిక ఇక్కడే

ల్యాప్‌టాప్ లోపలి డిస్క్‌లో ‘ఈఎఫ్‌ఐ’ అనే చిన్న పార్టిషన్ ఉంటుంది. ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే ఫైళ్లు ఉండేది అందులోనే. నేను ఎక్స్‌టర్నల్ డిస్క్ ఎంచుకున్నా, ఇన్‌స్టాలర్ మాత్రం లినక్స్ బూట్ ఫైళ్లను లోపలి డిస్క్‌లోనే రాసేసింది. డిస్క్ తీసేశాక మిగతా భాగం దొరక్క గ్రబ్ దగ్గరే ఆగిపోయింది.

దీనికి తేలికైన దారి: 8 జీబీ ర్యామ్ ఉన్న స్నేహితుడి సిస్టమ్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, హార్డ్‌డిస్క్ లేని వర్చువల్ మెషీన్ ఒకటి తయారు చేయండి. సెట్టింగ్స్‌లో ఈఎఫ్‌ఐ, యూఎస్‌బీ 3.0 ఆన్ చేయండి. ఉబుంటు ఐఎస్‌ఓ ఫైల్‌ను, మీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను దానికి జతచేసి ఇన్‌స్టాల్ చేయండి. ఇన్‌స్టాలర్‌కు కనిపించేది మీ డిస్క్ ఒక్కటే కాబట్టి లోపలి విండోస్‌ను ముట్టుకునే అవకాశమే ఉండదు. తర్వాత మీరు వాడే ల్యాప్‌టాప్‌కు డిస్క్ పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కండి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9.

ఇవి మరవొద్దు

• ఇన్‌స్టాల్ చేస్తే డిస్క్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ముందే కాపీ తీసుకోండి.

• ఈ డిస్క్‌ను విండోస్‌లో పెడితే ‘ఫార్మాట్ చేయాలా?’ అని అడగొచ్చు. విండోస్‌కు లినక్స్ పార్టిషన్ అర్థం కాదు. పొరపాటున కూడా ‘ఎస్’ నొక్కొద్దు.

• బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే 48 అంకెల రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి.

• కాలేజీ ల్యాబ్‌లో అయితే ఇన్‌ఛార్జి అనుమతి తప్పనిసరి.

డిస్క్ సిద్ధమయ్యాక రోజుకో గంట టెర్మినల్‌కు కేటాయించండి. ఫైల్ పర్మిషన్లు, గ్రెప్, ఎస్‌ఎస్‌హెచ్, క్రాన్‌లతో మొదలుపెట్టి, ఇంజినెక్స్‌తో మీ ప్రాజెక్టు పేజీని నడిపి చూడండి.

నా మొదటి ఇంటర్వ్యూలో ‘కంప్యూటర్ ఆన్ చేశాక ఏం జరుగుతుంది?’ అని అడిగారు. పుస్తకంలో చదివింది వదిలేసి, హాస్టల్లో ఆ పొద్దున జరిగింది చెప్పా. తర్వాతి పది నిమిషాలు మా మాటలన్నీ దాని మీదే నడిచాయి.