సబ్రహ్మచారి బోధన: నాడు, నేడు

ఒకే గురువు వద్ద చదివే సహాధ్యాయికి సంస్కృతంలో సబ్రహ్మచారి అని పేరు. ముందు చదివినవాడు వెనుక వచ్చినవానికి పాఠం చెప్పడం నేటి విశ్వవిద్యాలయాలలో బోధన సహాయకత్వంగా వ్యవహరింపబడుతున్నది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో డిగ్రీ విద్యార్థులు సైతం ఈ పని చేస్తున్నారు. ఈ పద్ధతి పూర్వరూపాన్ని, ప్రాచ్య కళాశాలలలో దానికి ఉండవలసిన హద్దులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ విద్యాస్థితిని తెలుపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823 నాటి తన నివేదికలో, బడులలో ముందున్న పిల్లలు వెనుకబడినవారికి నేర్పే విధానాన్ని, అందలి పొదుపును ప్రశంసించాడు. ఇంగ్లండు దానిని అనుకరించడం సముచితమే అన్నాడు. అంతకు పూర్వమే ఆండ్రూ బెల్, ఇసుకలో అక్షరాలు దిద్దే దేశీయ బాలురను చూచి, మద్రాసు అనాథ బాలుర శరణాలయంలో ఎనిమిదేళ్ళ బాలునికి కింది తరగతి అప్పగించాడు. 1797లో ఆ ప్రయోగాన్ని గ్రంథంగా ప్రకటించాడు. అదే 'మద్రాసు పద్ధతి'గా ప్రసిద్ధి కెక్కింది.

అయితే ఒక భేదం గమనింపదగినది. మన్రో సేకరించిన లెక్కలలో ఉన్నత విద్యాస్థానాలు రాజమండ్రి జిల్లాలో 279, విద్యార్థులు 1,454. మచిలీపట్నం జిల్లాలో 49, విద్యార్థులు 199. అనగా ఒక్కొక్క చోట నలుగురైదుగురు మాత్రమే. అంతమందిని గురువే స్వయంగా దిద్దగలడు. కనుక కాంబెల్ మెచ్చినది ప్రాథమికాభ్యాసానికి చెందిన విధానమే కాని శాస్త్రపాఠానికి ప్రత్యామ్నాయం కాదు. ఇంగ్లండులో వందలాది బాలురకు ఒకే ఉపాధ్యాయుడన్న పొదుపే ప్రధానం కాగా, చదువు యాంత్రికమైన వల్లెవేతగా మారిందన్న విమర్శ వచ్చింది.

నేటి మన తరగతి ఈ రెండు స్థితులకూ నడుమ ఉన్నది. ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాలలోనైనా, కొల్లేటి లంకల నుండి వచ్చేవారున్న చోటనైనా, సంస్కృతం కొంత చదివినవారూ అక్షరం ఎరుగనివారూ ఒకే బల్లపై కూర్చుంటే, రామశబ్దం వల్లింపజేసి అదే గంటలో కావ్యం వ్యాఖ్యానించడం ఒక్క అధ్యాపకునికి సాధ్యం కాదు. శబ్దరూపాలు, సంధి విడదీయడం, పద్యపాదాలలో గణవిభజన మూడవ సంవత్సరపు విద్యార్థి చక్కగా అభ్యాసం చేయించగలడు. ఆ తప్పులు నిన్నమొన్నటి వరకు తానూ చేసినవే కనుక, కొత్తవాడు ఎక్కడ తడబడునో అతనికి తెలుసు. చెప్పబోయినప్పుడే తన చదువులోని లోపమూ అతనికి తెలిసివస్తుంది.

కాని పాఠనిర్ణయం, వ్యాఖ్యానం, మార్కులు అధ్యాపకుని అధీనంలోనే ఉండాలి. సహాయకుడు తాను చెప్పినదానిని వారానికొకసారి గురువుకు అప్పజెప్పాలి. అతని శ్రమకు పారితోషికమో, చదువులో గుర్తింపో లభించాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఖాళీగా ఉన్న అధ్యాపక పదవికి అతడు బదులు కారాదు. గురువు ఉన్నచోటనే సబ్రహ్మచారి అన్న మాటకు అర్థం ఉంటుంది.