బండి కంటె ముందు మేత

అనంతపురపు మెట్టసీమవారికి తుపాను వార్త దూరపు చుట్టము వంటిది. తీరమున గాలి రేగెనని వినగానే, మనకు రెండు చినుకులైన రాలునేమోయని ఆకాశము వంక చూచుట మన యలవాటు. సాలీనా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షముతో బ్రదుకు నెట్టుకొను ఈ సీమకును, ఒక్క రాత్రిలో ఊళ్లను ముంచివేయు తుపానుకును పొత్తేమి యని పాఠకులకు తోచవచ్చును. ఆపద ఏదైనను, ప్రాణము నిలుపు వస్తువును చేరవేయు సాధనము ఆగిపోయినచో కలుగు దురవస్థ మాత్రము ఒక్కటియే. ఆ పాఠము మన సీమకు క్రొత్తది కాదు.

ధాత నామ సంవత్సరమున మొదలై, 1876-78 సంవత్సరములలో దక్షిణ దేశమును పీడించిన మహాక్షామమును తలచుకొందము. అప్పటికి అనంతపురము బళ్లారి జిల్లాలో భాగము. 1882లో గాని వేరు జిల్లా కాలేదు. మద్రాసు నుండి రాయచూరునకు రైలు మార్గము 1871 నాటికే గుత్తి మీదుగా ఏర్పడియుండెను. ఓడలలో వచ్చిన ధాన్యము మద్రాసు సముద్రపుటొడ్డున గుట్టలు గుట్టలుగా పడియుండెను. రైలు దానిని కొంత లోనాటికి తెచ్చినది. కాని స్టేషను నుండి పల్లెకు చేర్చవలసినది ఎద్దులబండి. గడ్డి లేక, నీరు లేక, ఎద్దులు లెక్కకు మిక్కిలిగా చచ్చెను. కాడి మోయు పశువు లేని ఊరికి గింజ చేరుట గగనమయ్యెను. నాటి బండికి గడ్డియే ఇంధనము. ధాన్యమున్నను మేత లేనిచో ఆకలి తీరదని ఆ క్షామము మనకు నేర్పినది.

ఇక తీరమునకు పోదము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు 170-180 కిలోమీటర్ల వేగముగల గాలులతో విశాఖపట్టణము వద్ద తీరము దాటినది. విద్యుత్ స్తంభములు నేలకొరిగెను, టెలిఫోనులు మూగవోయెను, చెట్లు రోడ్లకు అడ్డముగా కూలెను. 1957లో కాల్టెక్స్ వారు ప్రారంభించగా, తరువాత హిందూస్థాన్ పెట్రోలియం వారి యధీనమునకు వచ్చిన చమురుశుద్ధి కర్మాగారము ఆ నగరమునందే కలదు. అట్టి నగరమున ప్రజలు పెట్రోలు బంకుల ముందు గంటల తరబడి బారులు తీరిరి!

ఇందలి మర్మము కష్టమైనది కాదు. బంకులో చమురు భూమి లోపలి ట్యాంకులో ఉండును. దానిని పైకి తోడునది విద్యుత్తు. విద్యుత్తు పోయినచో జనరేటరు కావలెను. జనరేటరు తిరుగుటకు డీజెలు కావలెను. ఆసుపత్రికి, మంచినీటి పంపునకు, సెల్‌ఫోను టవరుకు సైతము ఆ డీజెలే ఆధారము. రోడ్డు తెరపి లేనిదే ట్యాంకరు రాదు. కూలిన చెట్లను తొలగించు యంత్రము కదలవలెనన్నను ఇంధనమే కావలెను. దీపము వెలిగించుటకు అగ్గిపెట్టె కావలెను, అగ్గిపెట్టె వెదకుటకు దీపము కావలెను అన్నట్లయినది పరిస్థితి.

భయము ఈ చిక్కును పదింతలు చేయును. 2005 సెప్టెంబరులో అమెరికాలోని టెక్సాస్ తీరము మీదికి రీటా తుపాను వచ్చుచున్నదని తెలిసి, మన తెలుగు కుటుంబములు పెక్కు నివసించు హ్యూస్టన్ నగర ప్రాంతము నుండి ఇరువది యైదు లక్షలకు పైగా జనులు బయలుదేరిరి. అధికసంఖ్యాకులు ఎవరి కారులో వారు. రోడ్లు క్రిక్కిరిసెను, కదలని కారులలో ఇంజనులు చమురు త్రాగుచునే యుండెను, దారిలోని బంకులు వట్టిపోయెను. నింపుటకు వచ్చు ట్యాంకర్లును ఆ రద్దీలోనే చిక్కుకొనెను. ఆ ప్రయాణములో మరణించినవారు సుమారు వందమంది; గాలివాన నేరుగా బలిగొన్నవారికంటె వీరే ఎక్కువ. 2017లో ఇర్మా తుపాను వేళ ఫ్లోరిడా ప్రభుత్వము పోలీసు కాపుతో చమురు ట్యాంకర్లను నడిపించినది.

మన తీరపువారి అనుభవము వేరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పదివేలమందిని పొట్టబెట్టుకొన్న తరువాత, ఊళ్లకు దగ్గరలో తుపాను ఆశ్రయములు వెలసెను. 2013లో ఫైలిన్ వచ్చునప్పటికి ఒడిస్సా, ఆంధ్ర తీరములలో సుమారు పదిలక్షల మందిని ముందుగనే తరలింపగలిగిరి. దగ్గరలోని గట్టి కట్టడమునకు చేరుటలో ఎంత ఇంధనము ఆదా యగునో విద్యార్థులచే లెక్క కట్టింపవచ్చును. ఇన్నూరుమందిని ఇరువది కిలోమీటర్లు తరలింపవలెననుకొందము. ఏబదిమంది పట్టు బస్సు లీటరుకు నాలుగు కిలోమీటర్లు నడచినచో, నాలుగు బస్సులకు 20 లీటర్లు చాలును. నలుగురెక్కు కారు లీటరుకు పదునైదు నడచినచో, ఏబది కారులకు 66 లీటర్లకు పైగా కావలెను. రద్దీలో నిలిచి త్రాగునది దీనికి అదనము.

కనుక చేయవలసిన పనులు స్పష్టము. తుపాను హెచ్చరిక రాగానే బంకుల ట్యాంకులు నింపవలెను. నిండిన ట్యాంకు, నేల నీట నానినను పైకి తేలిపోదు. జనరేటర్లు సిద్ధపరుపవలెను. ఇంధనమును మొదట అంబులెన్సులకు, ఆసుపత్రులకు, మంచినీటికి. తరువాత బస్సులకు, రోడ్లు బాగుచేయు యంత్రములకు. ఆ పిమ్మటనే సొంత వాహనములకు పంచవలెను. తడిసిన కట్టెలతో పొయ్యి రాజదు గనుక, వంట ఇంధనమును మరువరాదు.

మన సీమకును ఈ వరుస వర్తించును. కరువు నాట మంచినీరు ట్యాంకరుపై వచ్చును. ట్యాంకరు డీజెలుపై వచ్చును. నీటి లెక్క వ్రాయువాడు డీజెలు లెక్కయు ప్రక్కనే వ్రాసికొనవలెను. ధాన్యపు గుట్టల ప్రక్కనే ఆకలితో మడిసినవారి సీమ ఇది. బండిని చూచి మేతను మరచుట ఎవరికి తగినను మనకు తగదు.